బేడీలు లేకుండా బోర్డు దాకా: పిల్లల ఎస్కార్టు పనిలో మా అనుభవం

ఎస్కార్టుకు వచ్చిన కానిస్టేబుళ్ల సంచిలో బేడీలు ఉన్నాయా అన్నది బయల్దేరే ముందు మేం చూసే మొదటి సంగతి. ఉంటే వాటిని అబ్జర్వేషన్ హోం (నేరారోపణ ఉన్న పిల్లల్ని విచారణ సాగినన్నాళ్లు ఉంచే చోటు) ఆఫీసు బీరువాలో పెట్టించి తాళం వేస్తాం. తిరిగొచ్చాక ఇస్తాం. బండిలో బేడీలు ఉన్నాయంటే దారిలో ఎక్కడో ఒకచోట అవి బయటికి వస్తాయి. టోల్‌గేటు దగ్గర బండి ఆగినప్పుడో, పిల్లాడు మూత్రానికి వెళ్లాలన్నప్పుడో, చీకటి పడుతున్నప్పుడో. కంగారులో మనిషికి ముందు గుర్తొచ్చేది చేతికి అందే వస్తువే.

హోంలో ఉన్న పిల్లల్ని వాళ్ల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డుకు, చిల్డ్రన్స్ కోర్టుకు, ఆస్పత్రికి, ఒక్కోసారి వేరే జిల్లా హోంకు తీసుకెళ్లి తీసుకురావడం మా పని. అన్ని జిల్లాల్లోనూ అబ్జర్వేషన్ హోంలు లేవు. అందుకే పావుగంట వాయిదా కోసం రానూపోనూ ఐదారు గంటలు రోడ్డు మీద గడపాల్సి వస్తుంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చే ప్రొబేషన్ ఆఫీసర్లు, హోం సూపర్‌వైజర్లు, స్టేషన్లలో బాలల సంక్షేమ పోలీసు అధికారులుగా నియమితులైనవాళ్లు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: ‘తిరగబడితే ఏం చెయ్యాలి?’ దానికి జవాబు చివర్లో ఉంది. ముందు చెప్పాల్సింది చాలా ఉంది. ఎందుకంటే, పిల్లాడు తిరగబడే క్షణానికి అరగంట ముందే మనం ఏదో ఒకటి వదిలేసి ఉంటాం.

చట్టం ఎక్కడిదాకా ఒప్పుకుంటుంది

2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద కేంద్రం 2016లో తెచ్చిన మోడల్ రూల్స్‌లో 8వ రూలు చాలా స్పష్టంగా ఉంది. పిల్లలకు బేడీలు వేయకూడదు, గొలుసు వేయకూడదు, మరే విధంగానూ బంధించకూడదు, బెదిరింపుకుగానీ బలప్రయోగానికిగానీ దిగకూడదు. ‘మరే విధంగానూ’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. బేడీలు లేవు కదా అని తువ్వాలుతో మణికట్లు కట్టేయడం, చున్నీతో సీటుకు కట్టడం, తాడు ఒక కొస పిల్లాడి చేతికి, రెండో కొస తమ చేతికి చుట్టుకోవడం మేం చూశాం. అవన్నీ ఆ మాట కిందికే వస్తాయి. అదే రూలు ప్రకారం బాలల సంక్షేమ పోలీసు అధికారి మామూలు దుస్తుల్లో ఉండాలి, యూనిఫాంలో కాదు.

ఆ రూలు పిల్లాణ్ణి మొదట అదుపులోకి తీసుకున్న పోలీసు కోసం రాసింది, హోం నుంచి బోర్డుకు తీసుకెళ్లేటప్పుడు మాకు వర్తించదు అని వాదించేవాళ్లు తగులుతుంటారు. వాళ్లకు చట్టంలోని 3, 75 సెక్షన్లు చూపిస్తాం. 3వ సెక్షన్‌లోని గౌరవం, భద్రత అనే సూత్రాలు ఈ చట్టం కింద జరిగే ప్రతి పనికీ వర్తిస్తాయి. 75వ సెక్షన్ పిల్లల పట్ల క్రూరత్వం గురించినది. పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థ సిబ్బందే ఆ నేరం చేస్తే ఐదేళ్ల వరకు కఠిన కారాగారం, 5 లక్షల వరకు జరిమానా.

2024 జూలై 1న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చాక కొత్త గందరగోళం ఒకటి మొదలైంది. అందులో 43వ సెక్షన్ మూడో సబ్‌సెక్షన్ హత్య, అత్యాచారం, మాదకద్రవ్యాలు లాంటి కొన్ని నేరాల్లో బేడీలకు వీలు కల్పించింది. ‘కేసు మర్డరే కదా సార్, ఇప్పుడు వేయొచ్చట’ అనే మాట ఎస్కార్టు వాళ్ల నోట తరచు వినిపిస్తోంది. వేయకూడదు. జువెనైల్ జస్టిస్ చట్టం 1వ సెక్షన్ నాలుగో సబ్‌సెక్షన్ ప్రకారం, ఇంకే చట్టంలో ఏమున్నా సరే, చట్టంతో ఘర్షణ పడిన, అంటే నేరారోపణ ఉన్న, పిల్లల్ని అదుపులోకి తీసుకోవడం, నిర్బంధంలో ఉంచడం లాంటి విషయాల్లో ఈ చట్టమే వర్తిస్తుంది. ఈ పేజీ నకలు ఒకటి ఎస్కార్టు ఫైల్లో పైనే పెట్టుకుంటాం. వాదన పెరగకముందే కాగితం చూపిస్తే సరిపోతుంది.

మరి ఏ బలమూ అసలు వాడకూడదా? పిల్లాడు నడుస్తున్న బండి తలుపు తెరుస్తుంటే, బ్లేడుతో తన చెయ్యి తానే కోసుకుంటుంటే, పక్కవాడి గొంతు పట్టుకుంటే ఎవరైనా పట్టుకుని ఆపాల్సిందే. ఎవరి అనుమతీ అక్కర్లేని ఆత్మరక్షణ, ప్రాణరక్షణ హద్దు అది. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు, పెద్ద హానిని తప్పించడానికి చేసే పని గురించి చెప్పే 19వ సెక్షన్ మనకు అండ. ఆ హద్దు దాటి ‘మాట వినలేదు’, ‘తిట్టాడు’, ‘బండి ఎక్కనన్నాడు’ అన్న కారణాలకు చెయ్యి వేయడానికి మనకు ఏ అధికారమూ లేదు. క్రమశిక్షణ వేరు, ప్రాణరక్షణ వేరు. ఇంగ్లండ్‌లో పిల్లల్ని నిర్బంధంలో ఉంచే శిక్షణ కేంద్రాల్లో క్రమశిక్షణ కోసం కూడా బలంగా పట్టుకునే వీలు కల్పించిన నిబంధనల్ని అక్కడి అప్పీలు కోర్టు 2008లో కొట్టేసింది. నిర్బంధంలో ఉన్న పిల్లల కోసం ఐక్యరాజ్యసమితి 1990లో తెచ్చిన హవానా నియమాల్లో 64వది కూడా ఈ గీతే గీస్తుంది: మిగతా దారులన్నీ విఫలమైనప్పుడే, చట్టం స్పష్టంగా ఒప్పుకున్న పద్ధతిలోనే, అతి తక్కువసేపే.

ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. బేడీలు వేసేవాళ్లందరూ కఠినాత్ములు కారు. పెద్ద ఖైదీల ఎస్కార్టుకు అలవాటుపడిన కానిస్టేబుల్‌కు ఉన్న భయం ఒక్కటే: పిల్లాడు పారిపోతే మెమో, ఆపైన సస్పెన్షన్. బేడీలు వేసినందుకు శిక్షపడ్డవాణ్ణి అతను చూడలేదు. తప్పించుకుపోయినందుకు శిక్షపడ్డవాణ్ణి చూశాడు. ఆ భయం తీయకుండా రూలు మాత్రమే చదివితే అతను తలూపి, మలుపు దాటాక తువ్వాలు తీస్తాడు. అందుకే బయల్దేరే ముందు జువెనైల్ జస్టిస్ చట్టం 26వ సెక్షన్ విడమరిచి చెబుతాం. పారిపోయిన పిల్లాడు దొరికితే 24 గంటల్లో బోర్డు ముందు పెట్టాలి. పారిపోయినందుకు అతని మీద అదనంగా ఏ కేసూ నడపకూడదు. చట్టమే దాన్ని అంత పెద్ద నేరంగా చూడనప్పుడు, దాన్ని ఆపడానికి పిల్లాడి చెయ్యి విరిచే పని మనం పెట్టుకోకూడదు. బండి ఏర్పాట్లు, కూర్చోబెట్టే పద్ధతి, ఆగే చోట్లు అన్నీ ముందే రాసి సూపరింటెండెంటు సంతకం చేసిస్తే, ఏదైనా జరిగినప్పుడు బాధ్యత కానిస్టేబుల్ ఒక్కడి నెత్తిన పడదు. ఆ కాగితం అతని చేతికిచ్చాక బేడీల మాట మళ్లీ రావడం అరుదు.

బయల్దేరకముందు

ముందురోజు సాయంత్రమే పిల్లాడికి చెప్పాలి. పొద్దున్నే లేపి ‘పద పద’ అనడం దగ్గరే సగం గొడవలు పుడతాయి. ఎక్కడికి, ఎందుకు, ఎంతసేపు, ఎవరెవరు వస్తారు, మళ్లీ ఇక్కడికే వస్తామా అనే ఐదూ చెప్పాలి. ఏ ప్రాంతం పిల్లాడైతే ఆ ప్రాంతం మాటలోనే. ‘బిడ్డా, రేపు బోర్డుకు పోతున్నం. పొద్దుగాల ఏడింటికి బండి. రెండు గంటల దారి. అమ్మకు ఫోన్ చేసి చెప్పినం, ఆడికే వస్తది’ అంటే వాడి భుజాలు దిగడం కంటికి కనిపిస్తుంది. తెలియని సంగతి తెలియదనే చెప్పాలి. ‘బెయిల్ వస్తుందిలే’ అని ఊరడించిన మాట సాయంత్రం తిరుగు ప్రయాణంలో మనకే ఎదురు తిరుగుతుంది.

ఆరోగ్యం కాగితం నిజంగా చదవాలి. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ ఎస్కార్టు జేబులో ఉండాలి, డిక్కీలోని సంచిలో కాదు. మూర్ఛ ఉంటే పొద్దుటి మాత్ర వేశాకే బయల్దేరాలి. తెలంగాణ జిల్లాల్లో కల్తీ కల్లుకు అలవాటుపడిన పిల్లలు వస్తుంటారు. అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటివి కలిపిన ఆ కల్లు ఒక్కసారిగా ఆగిపోతే రెండు మూడు రోజుల్లో వణుకు, చెమటలు, నిద్రలేమి, లేనిది కనబడటం, కొందరిలో ఫిట్స్ మొదలవుతాయి. అదుపులోకి తీసుకున్న తొలి రోజుల్లోనే బోర్డు ప్రయాణం కూడా పడుతుంది. బండిలో ఆ పిల్లాడు గింజుకుంటే అది పొగరు కాదు, జబ్బు. వాణ్ణి నలుగురు కలిసి అదిమి పట్టుకుంటే చనిపోవచ్చు. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి బండి తిప్పాలి. వైట్‌నర్ పీల్చే అలవాటున్న పిల్లలకు ఆందోళన, తలనొప్పి ఎక్కువ. కిటికీ గాలి, నీళ్లు, మధ్యమధ్య ఆగడం వాళ్లకు చాలావరకు పనిచేస్తాయి.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడుగుతాం: ‘నీకు ఏం చేస్తే భయమేస్తుంది?’ చాలామంది చెప్పే జవాబు, వెనక నుంచి ఎవరైనా ముట్టుకుంటే అని. స్టేషన్లో దెబ్బలు తిన్న పిల్లలకు మెడ మీద చెయ్యి పడితే చాలు, ఒళ్లంతా బిగుసుకుపోతుంది. ఆ జవాబు ఎస్కార్టు కాగితం మీద పెద్దక్షరాల్లో రాస్తాం. చెవిటి, మూగ పిల్లలైతే ఇంకో సంగతి ఉంది. వాళ్ల చేతులు పట్టుకుంటే వాళ్ల నోరు నొక్కినట్టే. సైగ చేయడానికి చేతులు వదిలేయాలి.

తనిఖీ జేబులు, నడుము పట్టీ, చెప్పులు, సాక్సులకే పరిమితం. మగపిల్లల్ని మగవాళ్లు, ఆడపిల్లల్ని ఆడవాళ్లు, తలుపు వేసిన గదిలో. బట్టలు విప్పించడం లేదు. దొరికేవి ఎక్కువగా గుట్కా పొట్లం, లైటరు, ఒక్కోసారి బ్లేడు ముక్క. మొలతాడు, తాయెత్తు, సిలువ జోలికి పోం. వాటిని లాగడంతో మొదలైన పెనుగులాట గేటు దాకా సాగుతుంది.

తర్వాత తిండి. ఇడ్లీ, ఉప్మా లాంటిది తినిపించి తీసుకెళ్తాం. నూనె వస్తువులు పెడితే ఘాట్ రోడ్డులో వాంతులే. బండిలో మనిషికి లీటరు నీళ్లు, బిస్కెట్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు, వాంతి కవర్లు, ఒక జత బట్టలు, ఆడపిల్లలైతే ప్యాడ్లు. కోర్టు దగ్గర మధ్యాహ్నం భోజనానికి డబ్బు ముందే చేతిలో ఉండాలి. పిల్లల్ని సొంత ఊరి వైపు బదిలీ చేసేటప్పుడు ఎస్కార్టు ప్రయాణ భత్యం ముందుగానే చెల్లించాలని చట్టం 95వ సెక్షన్‌లో ఉంది. చాలామంది అడగరు, జేబులోంచి పెట్టుకుంటారు. ఆ డబ్బు సరిపోకపోతే మొదట కోత పడేది పిల్లాడి భోజనానికే. మూడింటిదాకా పస్తున్న పదహారేళ్ల కుర్రాణ్ణి నెమ్మదిగా ఉండమనడం న్యాయం కాదు.

బండి, సీట్లు

ఖైదీల వ్యాను వద్దు. జాలీ కిటికీల వెనక గాలాడదు, బెంచీకి బెల్టు ఉండదు, బయటి జనం బోనులో చూసినట్టు చూస్తారు. మామూలు కారు, ఐదు సీట్లదైనా ఏడు సీట్లదైనా, చాలు. జీపుల్లో వెనక ఎదురెదురుగా ఉండే బల్ల సీట్లలో పిల్లల్ని కూర్చోబెట్టం. బ్రేకు పడితే పట్టుకునేందుకు ఏమీ ఉండదు, వెనక తలుపు కాలితో తన్నేంత దగ్గర్లో ఉంటుంది.

వెనక తలుపుల అంచున చిన్న మీట ఉంటుంది, అదే చైల్డ్‌లాక్. రెండు వైపులా వేసి, మనలో ఒకరు లోపల కూర్చుని తలుపు లాగి చూడాలి. సెంట్రల్ లాక్ ఒక్కటే నమ్ముకోకూడదు. చాలా కార్లలో లోపలి పిడి లాగితే ఆ లాక్ తెరుచుకుంటుంది. పిల్లాడు కూర్చునేది వెనక సీట్లో ఎడమ పక్కన, ముందు కూర్చున్న ఎస్కార్టు వెనకాల. డ్రైవరు వెనకాల ఎప్పుడూ కాదు. అక్కణ్ణుంచి ఒక తన్ను, మెడ చుట్టూ ఒక చెయ్యి చాలు, బండి డివైడర్ ఎక్కడానికి. ఎడమ పక్కే ఎందుకంటే, ఎలాగో తలుపు తెరుచుకున్నా దిగేది రోడ్డు మార్జిన్ వైపు, ఎదురొచ్చే లారీల వైపు కాదు.

పిల్లాణ్ణి మధ్యలో ఇరికించి అటొకరు ఇటొకరు కూర్చోవడం పాత అలవాటు. మేం మానేశాం. రెండు గంటలపాటు రెండు పెద్ద భుజాల మధ్య, మోకాళ్లు తగులుతూ, చెమట పడుతూ కూర్చుంటే ఎవరికైనా ఊపిరాడనట్టే ఉంటుంది. సీటు బెల్టు పిల్లాడే పెట్టుకోవాలి. బెల్టును బిగించి కట్టుగా వాడకూడదు. పిల్లాణ్ణి బండిలో ఏ భాగానికీ కట్టకూడదు. ప్రమాదం జరిగి మంటలంటుకుంటే తాళంచెవి వెతికే తీరిక ఎవరికీ ఉండదు.

ఒక పిల్లాడికి ఇద్దరు, డ్రైవరు కాక. డ్రైవర్ని ఎస్కార్టు లెక్కలో కలపడం అందరూ చేసే తప్పు. గొడవలో అతను కూడా వెనక్కి తిరిగితే స్టీరింగ్ పట్టేవాడు లేడు. ఆడపిల్ల అయితే మహిళా పోలీసు ఉండి తీరాలి. అదే కేసులోని పెద్దవాళ్లను అదే బండిలో ఎక్కించకూడదు. తుపాకీ, లాఠీ ఏదీ బండిలో ఉండదు. కానిస్టేబుళ్లు మఫ్టీలో రావాలని ముందురోజే ఫోన్ చేసి గుర్తుచేస్తాం. మరిచిపోయి యూనిఫాంలో వస్తే పైన వేసుకోవడానికి హోంలో రెండు పాత చొక్కాలు ఉంచాం.

డ్రైవరుకు ఒకటే షరతు: పిల్లాణ్ణి ‘ఏం చేసి వచ్చావ్ రా’ అని అడక్కూడదు. ఈ ఒక్క ప్రశ్న మీద ఎన్ని ప్రయాణాలు చెడ్డాయో. అసలు బండిలో కేసు మాటే ఎత్తం. పాటలు పెట్టమంటే పెడతాం, ఏ పాటో వాణ్ణే అడుగుతాం.

బస్సులో వెళ్లాల్సి వస్తే కిటికీ సీటు, ఎమర్జెన్సీ తలుపుకూ ముందు తలుపుకూ దూరంగా. చుట్టూ జనం ఉన్నప్పుడు చెయ్యి పట్టుకుని కూర్చోవడం కంటే మామూలు బంధువుల్లా మాట్లాడుకుంటూ వెళ్లడమే భద్రం. చెయ్యి పట్టుకుంటే అందరూ చూస్తారు, చూస్తే పిల్లాడికి సిగ్గు, సిగ్గు కోపమవుతుంది.

ఎక్కడెక్కడ చెడుతుంది

దారి మొత్తం ఒకేలా ఉండదు. చెడేది నాలుగు చోట్ల: హోం గేటు, దారిలో మూత్రశాల, బోర్డు దగ్గర తల్లిదండ్రుల్ని చూసిన క్షణం, బెయిల్ రాలేదని తెలిశాక బండి ఎక్కేటప్పుడు.

గేటు సంగతి పైన చెప్పినట్టు ముందురోజు మాటతోనే తేలిపోతుంది. మూత్రశాల విషయంలో ఎస్కార్టులు రెండు రకాలుగా తప్పు చేస్తారు. ఒకటి, ‘ఇంకో గంటలో వచ్చేస్తాం, ఓపిక పట్టు’ అనడం. రెండు, పొలాల పక్కన బండి ఆపి నడుం దగ్గర ప్యాంటు గుప్పిట పట్టుకుని నిలబెట్టడం. ప్యాంటు వెనక పట్టుకుని నడిపించే పోలీసు అలవాటు పిల్లాడికి ఘోరమైన అవమానం. పైగా వాడు ఒక్కసారి ముందుకు గుంజితే ఇద్దరూ బోర్లా పడతారు. మేం దారిలో రెండు పెట్రోలు బంకులు ముందే ఎంచుకుంటాం: ఒకే తలుపు, మనిషి పట్టని చిన్న కిటికీ. ఒకరు ముందు లోపలికెళ్లి చూసి వస్తారు. తలుపు దగ్గరగా వేసి, గడియ పెట్టకుండా, బయట అడుగు దూరంలో నిలబడతారు. రెండోవాళ్లు బండి వైపు దారిలో. గంటన్నరకు ఒకసారి అడిగినా అడక్కపోయినా ఆపుతాం.

నడిచేటప్పుడు ఒకరు అడుగు ముందు, ఒకరు అరడుగు వెనకగా పక్కన. చేతులు పట్టుకోం. రోడ్డు దాటుతుంటే పిల్లాడు వాహనాలు లేని వైపు ఉంటాడు.

బోర్డు విచారణలు కోర్టు ఆవరణలోగానీ జైలు ఆవరణలోగానీ జరగకూడదని, అబ్జర్వేషన్ హోంలోనో దానికి దగ్గర్లోనో జరగాలని రూల్స్‌లోనే ఉంది. అలా జరిగిన చోట ఎస్కార్టు అంటే వరండా దాటడమే, సమస్యే లేదు. అయితే ఘోర నేరం ఆరోపణ ఉన్న 16 ఏళ్లు నిండిన పిల్లల కేసుల్లో కొన్ని చిల్డ్రన్స్ కోర్టుకు, అంటే సెషన్స్ కోర్టు ప్రాంగణానికి వెళ్తాయి. అక్కడ జనం, వకీళ్లు, కెమెరాలు. ముఖానికి తువ్వాలు చుట్టి తీసుకెళ్లే పద్ధతి మాకు నచ్చదు. దారి కనబడక పిల్లాడు తడబడతాడు, ఊపిరాడదు, చూసేవాళ్లకు ‘ఎవడో పెద్ద దొంగ’ అనిపిస్తుంది. కోర్టు సిబ్బందికి ముందే ఫోన్ చేసి పక్క గేటు, పిలిచే సమయం కనుక్కుని, పిలుపు వచ్చేదాకా బండిలోనో విడి గదిలోనో ఉంచితే తువ్వాలు అవసరమే రాదు. ఫొటో బయటికి పొక్కితే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయని ఎస్కార్టు వాళ్లకు కూడా చెప్పాలి. పిల్లాడు పారిపోయినప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో తిప్పేది ముందు వాళ్లే.

తల్లి కనబడగానే పిల్లాడు పరుగెడతాడు. అది పారిపోవడం కాదు. వెనక నుంచి పట్టుకుంటే మాత్రం పెనుగులాటవుతుంది. తల్లిని ముందే ఫోన్లో అడుగుతాం: ‘అమ్మా, మీరు లోపలి గదిలో కూర్చోండి, మేమే తీసుకొస్తాం.’ బోర్డు అనుమతితో పదిహేను నిమిషాలు పక్కన కూర్చోనిస్తాం. అన్నం తెచ్చుకుంటే తినిపించనిస్తాం.

నాలుగోది అన్నిటికంటే కష్టం. బెయిల్ రాలేదన్న మాట బండి తలుపు దగ్గర చెప్పకూడదు. ఉచిత న్యాయ సహాయం వకీలుతో, గదిలో, తల్లి పక్కన ఉండగా చెప్పించాలి. మళ్లీ ఎప్పుడు వాయిదా, ఇంకేం దారి ఉంది అన్నవి అక్కడే తెలియాలి. ఏడిస్తే ఏడవనివ్వాలి. పది నిమిషాలు ఏడ్చిన పిల్లాడు నడిచి వచ్చి బండి ఎక్కుతాడు. ఏడవనివ్వకుండా లాక్కొచ్చినవాడు హైవే మీద తలుపు తన్నుతాడు. చీకటి పడకముందు చేరాలన్న తొందర మనది, వాడిది కాదు. ఆలస్యమవుతుందనుకుంటే హోంకు ఫోన్ చేసి అన్నం ఉంచమని చెప్పడమే మనం చేయగలిగింది.

అయినా చెయ్యి వేయాల్సి వస్తే

బండిలో మొదలైతే డ్రైవరు ఇండికేటరు వేసి ఎడమకు, వంతెన మీద కాకుండా, ఆపాలి. తాళంచెవి జేబులోకి. కిటికీలు సగం దించాలి. మాట్లాడేది ఒక్కరే, పేరు పెట్టి పిలుస్తూ, చిన్న గొంతుతో. రెండోవాళ్లు నోరు మెదపకూడదు. ముగ్గురు మూడు మాటలు అరుస్తుంటే పిల్లాడికి ఏదీ వినబడదు. కొట్టే దూరం నుంచి వెనక్కి జరగాలి. సీటు మీద గుద్దనివ్వండి, సీటు పోతే పోయింది.

తనకో ఇంకొకరికో గాయమయ్యేలా ఉంటేనే పట్టుకోవడం. ఇద్దరు, చెరో పక్క. అరచెయ్యి తెరిచి, మణికట్టుకు పైన ముంజేతిని, ఒంటికి దగ్గరగా. కీళ్లు వంచకూడదు, వేళ్లు మెలిపెట్టకూడదు, చెయ్యి వీపు వెనక్కి తిప్పకూడదు. మెడ, తల, ముఖం, ఛాతీ, పొట్ట ముట్టుకోకూడదు. బోర్లా పడుకోబెట్టకూడదు, పైన కూర్చోకూడదు, మోకాలు ఆనించకూడదు.

కారులో ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. సీట్లో కూర్చున్నవాణ్ణి ఆపాలంటే ఎవరికైనా మొదట తోచేది వీపు మీద చెయ్యి వేసి ముందుకు వంచడం. అదే అన్నిటికంటే ప్రమాదం. తొడలు పొట్టను పైకి నొక్కుతాయి, ఉదరవితానం కిందికి దిగలేదు, ఊపిరితిత్తులు నిండవు. గింజుకునే ఒంటికి అదే సమయంలో మామూలు కంటే ఎక్కువ గాలి కావాలి. 2004లో ఇంగ్లండ్‌లోని రెయిన్స్‌బ్రూక్ కేంద్రంలో పదిహేనేళ్ల బక్కపలచని పిల్లాడు ఇలాగే పోయాడు. ముగ్గురు సిబ్బంది కూర్చోబెట్టి వంచి పట్టుకున్నారు. ఊపిరాడట్లేదని అతను చెబుతూనే ఉన్నాడు. ఆ పట్టును తర్వాత నిషేధించారు. ‘మాట్లాడుతున్నాడంటే ఊపిరి ఆడుతున్నట్టే’ అన్నది తప్పు. మాట రావడానికి సరిపోయే గాలి బతకడానికి సరిపోకపోవచ్చు. ‘ఊపిరాడట్లేదు’ అంటే నటనా కాదా అని ఆలోచించకుండా అదే క్షణం వదిలేయాలి. పెదవుల రంగు, ఛాతీ కదలిక చూడటం మూడోవారి పని. పెనుగులాడుతున్నవాడు హఠాత్తుగా చల్లబడితే లొంగిపోయాడనుకోవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి చూసి, 108కి ఫోన్ చేయాలి.

అరనిమిషానికోసారి పట్టు సడలించి అడగాలి: ‘వదులుతున్నా నాన్నా, సరేనా?’ తీవ్రత తగ్గగానే ఒక్కో చెయ్యీ వదలాలి. ఒక నిమిషం దాటి పట్టుకోవాల్సి వస్తోందంటే అది ఎస్కార్టు చేయగలిగిన పని కాదు. ఆస్పత్రికో, దగ్గరి స్టేషన్‌లోని మహిళా, శిశు హెల్ప్‌డెస్కుకో వెళ్లి సాయం తీసుకోవాలి. లాకప్ వైపు మాత్రం పోకూడదు. ఎంత కష్టమైనా పిల్లల్ని లాకప్‌లో పెట్టడం 10వ సెక్షన్ నిషేధించింది.

‘కాసేపు బేడీ వేస్తే ఇదంతా తప్పేది కదా’ అంటారు. పెద్దవాళ్ల కొలతకు చేసిన బేడీ పిల్లాడి సన్నని మణికట్టులోంచి జారుతుంది, అందుకని ఇంకో రెండు పళ్లు బిగిస్తారు. బొటనవేలి వైపు మణికట్టు మీదుగా చర్మం కిందే పోయే నరం అక్కడ నలుగుతుంది. బొటనవేలి వెనక భాగం తిమ్మిరెక్కి వారాలు, ఒక్కోసారి నెలలు అలాగే ఉంటుంది. ఇంకా బిగియకుండా ఆపే రెండో తాళం, అంటే డబుల్ లాక్, వేయకపోతే గింజుకున్న కొద్దీ ఇంకా బిగుస్తుంది.

నిజంగా పారిపోతే, ఒకరే వెంట వెళ్లాలి, అదీ రోడ్డు అడ్డం లేనప్పుడే. హైవే దాటి పరుగెడుతున్నవాణ్ణి తరిమితే లారీ కిందికి తరిమినట్టే. రెండోవారు దగ్గరి స్టేషన్‌కు, సూపరింటెండెంటుకు, బోర్డుకు వరసగా ఫోన్ చేస్తారు. చాలామంది పిల్లలు వెళ్లేది ఇంటికే, లేకపోతే పాత స్నేహితులుండే బస్టాండుకు. తల్లికి ఫోన్ చేసి ‘అమ్మా, వాడి మీద కొత్త కేసేం పెట్టరు, వస్తే మాకు చెప్పండి’ అంటే ఆ సాయంత్రానికే కబురొచ్చిన సందర్భాలు ఎన్నో.

తర్వాత రాయాల్సింది

చెయ్యి వేసిన ప్రతిసారీ, పది సెకన్లయినా సరే, రాయాలి. తేదీ, సమయం, ఏ ఊరు దాటాక, అంతకు ముందు ఏం జరిగింది, మాటలతో ఏమేం ప్రయత్నించాం, ఎవరు శరీరంలో ఏ భాగాన్ని ఎంతసేపు పట్టుకున్నారు, ఎప్పుడు వదిలారు, ఎవరికి గాయాలు. ‘తగిన బలం వాడి అదుపు చేశాం’ అని ఒక్క వాక్యం రాస్తే ఒప్పుకోం, ఏది తగినదో బోర్డు తేల్చాలి. ఇద్దరు ఎస్కార్టులూ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా రాస్తారు. పిల్లాడు చెప్పింది వాడి మాటల్లోనే, బండిలో లేని ఉద్యోగి రాసుకుంటాడు. పిల్లాడి చేత ఏ వాంగ్మూలం మీదా సంతకం పెట్టించకూడదన్నది కూడా 8వ రూలే.

గీత పడకపోయినా డాక్టరుకు చూపిస్తాం. నలిగిన చోట రంగు మరుసటి రోజుకు తేలుతుంది, కాబట్టి 24 గంటల తర్వాత ఇంకోసారి. అదే రోజు బోర్డుకు, తల్లిదండ్రులకు కబురు. తర్వాతి వాయిదాకు అదే పిల్లాడితో అదే ఉద్యోగిని పంపం, తప్పు అతనిది కాకపోయినా.

హోంకు చేరాక అప్పగింత రిజిస్టరులో సంతకం పెట్టే ముందు సూపర్‌వైజరు రెండు మణికట్లు, ముంజేతులు, మెడ వెలుతురులో చూస్తాడు. పొద్దున వెళ్లేటప్పుడు చూసి రాసుకున్నదాంతో పోల్చి, తేడా ఉంటే అక్కడే రాస్తాడు. వంటగదిలో పళ్లెం మూతపెట్టి ఉంటుంది. పిల్లాడు అన్నం తింటుండగా మాలో ఒకరు ఫోన్ చేస్తాం, చేరామని వాళ్లమ్మకు చెప్పడానికి. పిల్లాడు మాట్లాడతానంటే ఇస్తాం.